తల వదిలి కొట్టిన మేకు

భూమయ్య ఒమన్‌కు వచ్చి పంతొమ్మిదేళ్లు. వచ్చిన రోజు నుంచి ఈ రోజు దాకా వడ్రంగి పనే. అయినా అతను చేసిన వస్తువు ఒక్కటంటే ఒక్కటి ఇవాళ ఆ దేశంలో నిలబడి లేదు. పని రాక కాదు, పనే అలాంటిది. వీసా కాగితం మీద షట్టరింగ్ కార్పెంటర్ అని ఉంటుంది. స్లాబు పోసే ముందు, స్తంభం లేపే ముందు చెక్కలతో, ప్లై షీట్లతో అచ్చు కట్టాలి. కాంక్రీటు గట్టిపడగానే కట్టిన చేతులతోనే దాన్ని ఊడబీకాలి. ఆ తర్వాత జనం వచ్చి కాంక్రీటును చూసి ఆహా అంటారు. అచ్చు సంగతి ఎవడికి కావాలి?

మస్కట్‌లో దిగిన మొదటి వారంలోనే మేస్త్రీ అతనికి రెండు సూత్రాలు నేర్పాడు. ఒకటి, మేకును తల దాకా దిగ్గొట్టకు, వేలెడు వదిలి కొట్టు, రేపు పీకాలి. రెండు, ప్లైకి ఆయిల్ పూయకుండా కాంక్రీటు దగ్గరికి రానివ్వకు, అతుక్కుపోతుంది. కోరుట్ల దగ్గర పల్లెలో తండ్రి చేతి కింద తలుపులు, మంచాలు చేసిన వడ్ల భూమయ్యకు మొదట్లో ఇది మింగుడు పడలేదు. మేకు తల పైకి కనిపిస్తే వాళ్ల నాన్న వీపు విమానం మోత మోగించేవాడు. ఇక్కడ తల కనిపించకపోతే మేస్త్రీ మోగించేవాడు. ఏడాది తిరిగేసరికి చెయ్యి అలవాటు పడింది. అలవాటు పడ్డ చెయ్యి ఇక బుర్రను అడగడం మానేసింది.

రెండేళ్ల కిందట సెలవు మీద ఇంటికెళ్లినప్పుడు కూతురు నవీనకు ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. మస్కట్‌లో ఏడంతస్తుల ఆసుపత్రి.

"గిది మేమే కట్టినం బిడ్డా."

"ఇందుల నువ్వు చేసింది ఏది బాపూ? గోడలా?"

"గోడలు మేస్త్రీలు కడ్తరు."

"తలుపులా?"

"తలుపులకు వేరే కార్పెంటర్లు ఉంటరు."

"మరి నువ్వు?"

"నేను చేసింది ఇప్పేసిండ్రు."

నవీన వెక్కిరించి ఉంటే బాగుండేది. ఫోన్ తిరిగి చేతిలో పెట్టి లోపలికి పోయింది. భూమయ్యకు అది గుచ్చుకుంది. ఎంతగా గుచ్చుకుందంటే, ఆ తర్వాత రెండేళ్లూ ఏ స్లాబు కింద షీటు ఊడబీకుతున్నా ఆ పిల్ల ముఖమే కళ్లముందు కనపడేది. ఇప్పుడు అతనికి యాభై ఎనిమిది. ఇంకో రెండు నెలల్లో వీసా కాన్సిల్ చేసుకుని శాశ్వతంగా ఇంటికి పోతున్నాడు. పోయేలోపు ఈ దేశంలో విప్పని వస్తువు ఒక్కటి వదిలిపెట్టాలి. భూమయ్య కోరిక అంతే. చిన్నదే, కానీ షట్టరింగ్ కార్పెంటర్‌కు ఆ అవకాశం ఎవరిస్తారు?

మస్కట్ పక్కన అల్ అమెరాత్‌లో ఉన్న అతని కంపెనీ ఆ చలికాలం సహం అనే తీరపు ఊళ్లో ఒక వింత పని ఒప్పుకుంది. సముద్రానికి కాస్త ఎడంగా ఉన్న ఖర్జూరం తోటలో ఒక విమానానికి షెడ్డు కట్టాలి. ఎగిరే విమానానికి కాదు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన రెండు మూడేళ్లకు ఇంగ్లండులో ఒక చిన్న కంపెనీ తయారుచేసిన విమానం అది. రెండు ఇంజన్లు, చెక్క రెక్కలు, చెక్క ఒళ్లు, ఎనిమిది మందినో టన్ను సరుకునో మోస్తుంది, సరుకు ఎక్కించడానికి తోక దగ్గర పెద్ద తలుపు. కాగితం మీద అంతా బ్రహ్మాండంగానే ఉంది. కానీ యుద్ధంలో మిగిలిపోయిన విమానాలను మిలిటరీ వాళ్లు కూరగాయల్లా అమ్మేస్తుంటే కొత్తది కొనే నాథుడెవడు? ఒక్కటే చేశారు. ఎండలకు తట్టుకుంటుందో లేదో చూద్దామని దాన్ని ఈ తీరానికి ఎగరేసుకొచ్చారు. ఒక ఇంజను ఇక్కడే మొరాయించింది. ఈలోగా అక్కడ కంపెనీయే మూతపడింది. పైలట్లు ఇంజన్లు ఊడదీసి పడవెక్కించుకుని, డొక్కును ఇసుకలో వదిలేసి పోయారు.

ఆ డొక్కును తోట యజమాని ఒంటెల చేత తోటలోకి లాగించి ఎండు నిమ్మకాయలు దాచుకునే కొట్టు చేసుకున్నాడు. ఆయన కొడుకే ఇప్పటి యజమాని సయీద్, డెబ్బై నాలుగేళ్ల మనిషి, పనివాళ్లందరికీ అర్బాబ్, అంటే దొర. ఆ ఊళ్లో అందరికీ అది "తయ్యారా", అంటే విమానం. డెబ్బై అయిదేళ్ల తర్వాత కూడా లోపల తల పెడితే నిమ్మకాయల వాసన గుప్పుమంటుంది. షాహీన్ తుపాను వచ్చినప్పుడు వాగు తోటలోకి ఎక్కి తోక తలుపును ఎత్తుకుపోయింది. మిగతాదంతా దక్కింది. దీన్ని ఇలా వదిలేస్తే లాభం లేదని అర్బాబ్ అప్పుడు అనుకున్నాడు. షెడ్డు కట్టించి, బాగుచేయించి, మనవలకు చూపించాలని.

ఆ పనిని చూసుకునే ఇంజనీరు చంద్రిక. కాకినాడ అమ్మాయి, మస్కట్‌లో ఒక కన్సల్టెంటు ఆఫీసులో ఉద్యోగం. ముప్ఫై అయిదేళ్లుంటాయి. పోయిన తలుపు స్థానంలో ఫైబర్ తలుపు చేయించి, గోధుమరంగు వేసి బిగించేద్దామని ఆమె దుబాయ్‌లో ఒక కంపెనీతో మాట్లాడి పెట్టుకుంది. అది తెరుచుకోదు. చూడ్డానికి తలుపులా ఉంటుంది, అంతే.

ఒక మధ్యాహ్నం డ్యూటీ మధ్యలో భోజనం చేసి, భూమయ్య రెక్క నీడలో నడుం వాల్చాడు. పైన కనిపించిన దాన్ని చూసి లేచి కూర్చున్నాడు. ప్లై అంచుల వెంట, రెండేసి వేళ్ల దూరంలో, వరసగా సన్నటి తొర్రలు. పైన పూడ్చిన లప్పం రాలిపోయి బయటపడ్డవి. అప్పుడే చంద్రిక అటుగా వచ్చింది.

"మేడం, ఇవి సూసిండ్రా?"

"చూశానండీ. పాత మేకులు తుప్పుపట్టి రాలిపోయినట్టున్నాయి."

"తుప్పు పడితె తొర్ర సుట్టు ఎర్రగ మరక ఉంటది మేడం. ఇందుల ఒక్కదానికి మరక లేదు. ఇవి కావాల్నని పీకిన మొలలు. ప్లై మీద సన్న పట్టీ పెట్టి, పట్టీ మీదికెళ్లి మొల తల ఇడిశి కొట్టిండ్రు. గమ్ము ఆరినంక పట్టీతోని సహా పీకేసిండ్రు. మేం స్లాబుకు ఎట్ల చేస్తమో గట్లనే."

చంద్రిక ఫోన్ తీసి ఏదో వెతికింది. చాలాసేపు చదివింది. తర్వాత తలెత్తి అతని వైపు కొత్తగా చూసింది.

"నిజమేనండీ. చెక్క విమానాలకి అలానే చేసేవారట. భూమయ్య గారూ, నేను ఆర్నెల్ల నుంచీ ఈ విమానం చుట్టూ తిరుగుతున్నాను. మీరు పడుకుని కనిపెట్టేశారు."

భూమయ్య ఆ మాటకు పొంగిపోయాడు. ఎక్కడో ఇంగ్లండులో ఒక వడ్రంగి కూడా తనలాగే తల వదిలి మేకు కొట్టాడు. అతను చేసిన విమానం కూడా అమ్ముడుపోలేదు. కానీ దాని రెక్క ఇదిగో, ఇంకా ఉంది. ఆ ముఖం తెలియని మనిషి మీద భూమయ్యకు సొంత బావమరిది మీద లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"తలుపు నేను చేస్త మేడం. చెక్కతోనే. తెరిశి మూసేటట్టు చేస్త."

పక్కనే ఉన్న ఫోర్‌మన్ సమీయుల్లా తాగుతున్న టీ పొలమారి దగ్గాడు. అతనిది బోధన్. భూమయ్యకు పదేళ్ల సావాసగాడు. "భూమన్నా, గది విమానం. డ్రైనేజీ మ్యాన్‌హోల్ మూత కాదు."

"గుండ్రటి కాలమ్‌లకు ప్లై వంచేది ఎవరు సమీ భాయ్, నువ్వా నేనా?"

అర్బాబ్‌కు విషయం చెబితే ఆయన గడ్డం నిమురుకుని ఒక్కటే అన్నాడు. వచ్చే శుక్రవారం నమాజు తర్వాత మా అక్కయ్య వస్తోంది, ఆమె ఈ విమానం ఇసుకలో దిగడం కళ్లారా చూసిన మనిషి, అప్పటికి తలుపు తెరుచుకుంటే మీది పెట్టండి, లేకపోతే దుబాయ్‌ది. గురువారం సాయంత్రం లోపు దుబాయ్ వాళ్లకు అవునో కాదో చెప్పాలని చంద్రిక లెక్క చెప్పింది. చేతిలో వారం రోజులు.

భూమయ్య టేపు ముట్టుకోలేదు. చంద్రిక ఇచ్చిన డ్రాయింగును మడిచి మర్యాదగా జేబులో పెట్టుకున్నాడు. ఒక పొడవాటి బద్ద తీసుకుని తలుపు సందులో అడ్డంగా, నిలువుగా, మూలకు మూల పెట్టి గీతలు గీసుకున్నాడు. డెబ్బై అయిదేళ్లు ఎండలో మగ్గిన చట్రం నాలుగు వైపులా నాలుగు రకాలుగా వంగి ఉంది. డ్రాయింగులో మాత్రం తిన్నగా ఉంది. బద్ద అబద్ధం చెప్పదు కదా. లోపలి చట్రానికి బద్దలు కోశాడు, వంపు తిప్పాడు, అతికాడు. మస్కట్ నుంచి తెప్పించిన సన్న ప్లై షీట్లు రెండు. ఒకదాన్ని వేడినీళ్లతో తడిపి రెండు రోజులు వంపులో కట్టి ఆరబెట్టాడు. అలాగే రెండోదాన్ని కూడా పక్కన కట్టి పెట్టాడు, ఎందుకైనా మంచిదని. మంగళవారం పొద్దున రెండు డబ్బాల గమ్ము కలిపి, చట్రానికి పూసి, ప్లై పరిచి, పట్టీలు వేసి, తల వదిలి మేకులు కొట్టాడు. వరస ఎంత చక్కగా వచ్చిందంటే సమీయుల్లా కూడా ఫొటో తీసుకున్నాడు.

బుధవారం పొద్దున డ్యూటీకి రాగానే మేకులు పీకడం మొదలుపెట్టాడు. ఒక వైపు అయింది. రెండో వైపు సగంలో ఉండగా ప్లై షీటు చిన్నగా కదిలింది. ఇంకో మేకు పీకాడు. షీటు మొత్తం, ఎక్కడా ఒక పెచ్చు కూడా లేవకుండా, నిగనిగలాడుతూ చేతిలోకి వచ్చేసింది. స్లాబు కింద షీటు ఎలా ఊడుతుందో అచ్చం అలాగే. అంత శుభ్రంగా షట్టరింగ్ ఊడితే మామూలు రోజుల్లో మేస్త్రీలు మెచ్చుకుంటారు.

భూమయ్య షీటు లోపలి ముఖం మీద వేలు పెట్టి వాసన చూశాడు. ఆయిల్.

ఎవరూ పూయలేదు. అతనే పూశాడు. గమ్ము కలిపి పక్కన పెట్టి, ప్లై ఎత్తే ముందు, ఎడమ చెయ్యి దానంతట అది వెళ్లి డబ్బాలోని ఆయిల్ గుడ్డను అందుకుని ప్లై ముఖం మీద ఈ చివర నుంచి ఆ చివరకు తుడిచేసింది. పంతొమ్మిదేళ్లుగా రోజూ చేసే పని. ప్లై కనిపిస్తే ఆయిల్. ఏ వడ్రంగి అయినా ఇంకేదైనా తప్పు చేస్తాడేమో కానీ ఈ తప్పు మాత్రం షట్టరింగ్ వాడు తప్ప ఇంకొకడు చేయలేడు.

సమీయుల్లా వచ్చి చూసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "గమ్ము పాతది వచ్చిందని చెప్పు భూమన్నా. మేడంకు ఏం తెలుస్తది? లేకుంటె బయటి దిక్కు స్క్రూలు గుద్ది, లప్పం పెట్టి, రంగు కొడదాం. ఒక్క దినం నిలబడితె చాలు గదా."

"ఒక్క దినం నిలబడేటియి మస్తు చేసిన సమీ భాయ్. ఇది గది కాదు."

చంద్రిక తొమ్మిదింటికి కారు దిగింది. భూమయ్య ఎదురెళ్లి షీటు చూపించాడు.

"తప్పు నాది మేడం. గమ్ముది గాదు. నా చెయ్యి అలవాటుల ప్లైకి ఆయిల్ పూసింది. నేను సూసుకోలే."

చంద్రికకు కోపం వచ్చింది. వచ్చిన కోపాన్ని దాచుకోలేదు. "అయ్యో భూమయ్య గారూ! ఇవాళ బుధవారమండీ. దుబాయ్ వాళ్లకి ఇప్పుడే ఫోన్ చేసేస్తాను. అర్బాబ్ ముందు నా తల ఎక్కడ పెట్టుకోను?"

ఆమె ఫోన్ చెవి దగ్గరికి తీసుకెళ్లింది. భూమయ్య ప్రాణం మొత్తం ఆ ఫోన్లో ఉంది.

"ఇంకో షీటు వంపు తిరిగి రెడీగ ఉంది మేడం. పగటీలి పన్నెండింటి వరకు అతికిస్త. రేపు పగటీలి కల్ల ఆరుతది. మీకు గడువు రేపు పొద్దుమీకె కదా? రేపు మొలలు పీకినంక షీటు కదిలిందనుకో, మీరు ఫోన్ కొట్టుండ్రి, నేనే డయల్ చేసిస్త."

"మీ చెయ్యి మళ్లీ అదే పని చేస్తేనో?"

"నా చెయ్యికి నేను చెప్పుకుంట చేస్త."

అదేమిటో చంద్రికకు అర్థం కాలేదు. కానీ ఫోన్ దించింది. తప్పు ఒప్పుకోవడానికి ఎదురొచ్చిన మనిషిని ఆమె సైట్లలో ఎక్కువగా చూసి ఉండదు. కుర్చీ తెప్పించుకుని ఎదురుగా కూర్చుంది.

ముందు ఆయిల్ డబ్బాను, గుడ్డను సమీయుల్లా చేతికిచ్చి పికప్‌లో పెట్టి తాళం వేయమన్నాడు భూమయ్య. చట్రం మీది గమ్మును తెల్ల చెక్క కనిపించేదాకా గీకాడు, థిన్నర్‌తో తుడిచాడు, మళ్లీ గీకాడు. ఇక అసలు పని మొదలయ్యాక, బడిపిల్లాడికి చెప్పినట్టు తన చేతులకు తనే పైకి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇగ గమ్ము కలుపుతున్న. కలిపిన. కుడి చెయ్యి బ్రష్షు పట్టింది. ఎడమ చెయ్యి ఖాళీగ ఉంది, గట్లనే ఉండాలె. ఇగ ప్లై ఎత్తుతున్న. ఆయిల్ లేదు. ఆయిల్ వద్దు. సక్కగ పరుస్తున్న. ఏయ్, ఎటు పోతున్నవే?"

చివరి మాట ఎడమ చేతికి. అది నిజంగానే డబ్బా ఉండే చోటికి సగం దూరం వెళ్లి ఆగింది. చంద్రికకు నవ్వు ఆగలేదు. సమీయుల్లా అయితే నేల మీద కూర్చుండిపోయాడు. భూమయ్య కూడా నవ్వాడు. కానీ చెప్పడం ఆపలేదు. ఆఖరి మేకు దాకా చెబుతూనే ఉన్నాడు.

గురువారం మధ్యాహ్నం మేకులు పీకేటప్పుడు ఎవరూ నవ్వలేదు. ఒక్కో మేకూ కిర్రుమంటూ పైకి వచ్చింది. పట్టీలు ఊడాయి. షీటు ఊడలేదు. భూమయ్య అంచు దగ్గర ఉలి మొన పెట్టి ఎత్తబోయాడు. చెక్క పెచ్చు లేచింది కానీ అతుకు విడలేదు. చంద్రిక తన పిడికిలితో నాలుగు మూలలా తట్టి చూసి, దుబాయ్‌కి ఫోన్ చేసి, అక్కర్లేదండీ అని చెప్పింది. ఆ అక్కర్లేదు అన్న మాట భూమయ్యకు పాటలా వినిపించింది. సాయంత్రానికి కీళ్లు బిగించి తలుపు వేలాడదీశారు. వంకర చట్రంలో వంకర తలుపు, నాలుగు వైపులా సందు ఒక్కలాగే, అచ్చు పోసినట్టుగా కూర్చుంది.

శుక్రవారం అర్బాబ్ వాళ్ల అక్క మౌజా వచ్చింది. ఎనభై దాటిన మనిషి. చేతికర్ర మనవరాలికిచ్చి, తలుపును తనే తెరిచింది. లోపలికి తల పెట్టి గట్టిగా గాలి పీల్చింది. మూసింది. మళ్లీ తెరిచింది. అలా మూడుసార్లు. నిమ్మకాయలు ఎక్కించడానికి చిన్నప్పుడు పాత తలుపు తెరిచేది అక్కయ్యేనని అర్బాబ్ చంద్రికకు చెప్పాడు.

ఆయన చెయ్యి తలుపు లోపలి అంచు మీద ఆగింది. అక్కడ ఒక చిన్న పట్టీ ముక్క, దాని మీద వేలెడు పైకి నిలబడ్డ మేకు ఒకటి ఉంది. ఇదొకటి మర్చిపోయారే అన్నట్టు చూశాడు. చంద్రిక కంగారు పడింది.

"మర్శిపోలే మేడం," అన్నాడు భూమయ్య. తర్వాత అర్బాబ్ వైపు తిరిగి, తనకొచ్చిన హిందీలో అడిగాడు. ఈ తలుపును తర్వాత మార్చేస్తారా, ఇదే ఉంటుందా?

అర్బాబ్ తమాషాకు కూడా ఆలోచించలేదు. ఇదే ఉంటుంది, నేను పోయాక కూడా ఇదే, దీన్ని విప్పే హక్కు నా మనవలకు కూడా లేదు అన్నాడు.

భూమయ్య సుత్తి తీసుకుని ఆ మేకును పీకి, పట్టీ ముక్కను జేబులో వేసుకున్నాడు. మేకును మళ్లీ అదే తొర్రలో నిలబెట్టాడు. ఈసారి చేతికి ఏమీ చెప్పలేదు. మూడు దెబ్బలు. తల చెక్కలో కలిసిపోయింది. పంతొమ్మిదేళ్లలో ఒమన్‌లో అతను మళ్లీ పీకడానికి కాకుండా తల దాకా దిగ్గొట్టిన మేకు అదొక్కటే. దాని మీద బొటనవేలితో తడిమి చూసుకుంటే నున్నగా తగిలింది, చిన్నప్పుడు నాన్న తడిమి చూసేవాడు అలాగే. భూమయ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి, వాటిని తుడుచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

అక్కడి నుంచే నవీనకు వీడియో కాల్ చేశాడు. రెక్కలు, తోక, ఖర్జూరం చెట్లు, జనం, అన్నీ కలిపి ఒకేసారి తెర మీద పడేసరికి ఆ పిల్లకు ఏమీ అర్థం కాలేదు.

"గిదేంది బాపూ, విమానమా? ఇందుల నువ్వు చేసింది ఏది?"

భూమయ్య తలుపు తెరిచి, మూసి, దాని మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇది బిడ్డా. దీన్ని ఇప్పరు."